నాలుగు జాజు గీతలు

జూన్ 6, 2021. ఆదివారం

ఈరోజు లక్ష్మీరాజం ఉలుల పెట్టె పట్టుకుపోయాడు.

మా ఆయనకు అన్న. ఎదురుపడితే బావా, మీరు అంటాను. ఇక్కడ అనను. ఇక్కడ వాడే. ఈ నోటుబుక్కు నీరజ ఎనిమిదో తరగతిలో రాయకుండా మిగిల్చింది. నా కూతురు హిందీ చదువుతుంది, గుజరాతీ చదువుతుంది. తెలుగు ముందు పెడితే మాత్రం అన్నీ జిలేబీల్లా ఉన్నాయి మమ్మీ అంటుంది. కాబట్టి ఇందులో ఏం రాసుకున్నా ఈ ఇంట్లో చదివేవాళ్లు లేరు. కడుపునిండా తిట్టుకోవచ్చు.

వాడూ వాడి పెళ్లాం బాలవ్వా కలిసి వచ్చారు. మాస్కులు గడ్డాల కిందే ఉన్నాయి. బాలవ్వ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో వాడు బల్ల కింద నుంచి పెట్టె లాగినప్పుడు తెలిసింది.

"ఉలులు మొగోళ్ల చేతుల ఉండాలె ప్రమీలా. పరుశురాం లేని ఇంట్ల గవి గిట్ల పడి ఉండొద్దు. మన కులపు సామాను."

ఆ పెట్టెలో సన్న ఉలులు మా ఆయన పరుశురాంవి కావు, నావి. ఫిడేలు మెడలు ఆయన తీసేవాడు. మెడ చివర చుట్టుకునే సుడి నేను చెక్కేదాన్ని. బొటనవేలు రంపం మరలో నలిగాక ఆయన చేతికి సన్నపని కుదరలేదు. డిండోలీలో ఈ ముందుగది నుంచి ఫిడేళ్లు అమ్మే సేఠ్ కొట్టుకు వెళ్లిన మెడలన్నిటి మీదా సుడి నాదే. చివరి రెండేళ్లలో మెడలు కూడా సగం నేనే తీశాను. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకూ, ఈ అన్నావదినెలకూ తప్ప సూరత్‌లో ఎవరికీ తెలియదు. పరుశురాం సేఠ్‌కు చెప్పేవాడే. సమయం కుదరలేదు.

లక్ష్మీరాజం ఉధ్నాలో మగ్గాలకు ఫిట్టర్. నట్లు బిగించడం వచ్చు. ఉలి పట్టుకుంటే చెంచా పట్టుకున్నట్టు ఉంటుంది.

జూన్ 9

ఏప్రిల్ 20 గురించి రాయను.

జూన్ 11

రాయకపోతే నిద్ర పట్టడం లేదు.

కరోనా ఆసుపత్రి వాళ్లు పొద్దున్నే ఫోన్ చేశారు. వాడికి చేశారు, నాకు కాదు, కాగితం మీద వాడి నంబరు ఉంది కాబట్టి. వాడు నాకు సాయంత్రం చెప్పాడు. తలస్నానం చేసి వచ్చి, తడిబట్టలతో గడప బయట నిలబడి చెప్పాడు.

"అయిపోయింది ప్రమీలా. అంత నేనే చూసుకున్న. నువ్వొస్తె పిల్ల గతి ఏం గాను?"

నా మొగుణ్ని కాల్చేసి వచ్చి నాకు చెప్పాడు. అడగలేదు. నన్ను అడగలేదు. గేటు బయట నిలబడి అయినా చూసేదాన్ని. పొగ అయినా చూసేదాన్ని. ఆ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనేం చేశానో తెలుసా? ఆయన వస్తే పడుకోవడానికని పరుపు ఎండలో వేశాను.

తర్వాత వాడికీ జ్వరం వచ్చిందట, మంచం పట్టాడట. వస్తే వచ్చింది.

జూన్ 20

పెట్టె తిరిగి వచ్చింది! తువ్వాలులో చుట్టి, ఎవరూ చూడకుండా తెచ్చాడు.

అడాజన్‌లో పిల్లలకు సంగీతం నేర్పే బడి ఒకటి మళ్లీ తెరుస్తున్నారు. చిన్న ఫిడేళ్లు ఎనిమిది కావాలి. కింది డొల్లలు సేఠ్ వేరేచోట చేయిస్తాడు, మెడలు మాత్రం ఎప్పటిలాగే మన దగ్గరివే అడిగాడు. పరుశురాం లేడని ఎవరికో ఇవ్వబోతుంటే వీడు అడ్డం పడ్డాడు.

"తమ్మునికి నేర్పిందే నేనని చెప్పిన సేఠ్‌కు," అన్నాడు నా మొహం చూడకుండా. "నువ్వు లోపట కూసోని చెక్కు. నేను తీస్కపోయి ఇస్త. మొగోని పేరు లేకుంటె ఆయన తీస్కోడు. మన ఇండ్లల్ల పని నడవాలె కద."

మొన్న మొగోళ్ల చేతుల్లో ఉండాల్సిన ఉలులు ఇవాళ వంటింటి గుమ్మంలో నా ఒళ్లో పెట్టాడు. సిగ్గు లేదు.

"మీ ఇష్టం బావా," అన్నాను.

అంత తొందరగా ఒప్పుకుంటానని వాడు అనుకోలేదు. టీ తాగి వెళ్లాడు. వీడి పేరును సేఠ్ నోటితోనే మట్టిలో కలిపిస్తాను. ఆ తర్వాత సేఠ్ దగ్గరికి నేనే వెళతాను, నా పేరు చెప్పుకుని. ఈ రెండూ చూడాలి. అంతకుమించి నాకేమీ వద్దు.

జూన్ 21

దారి దొరికింది.

పరుశురాంకు ఒక పద్ధతి ఉండేది. మేపుల్ దిమ్మలు తెచ్చి అటక మీద పేర్చి, ఏటా ఉగాది స్నానం అయ్యాక ఒక్కో దిమ్మ కొసన ఒక ఎర్రటి జాజు గీత గీసేవాడు. నాలుగు గీతలు పడితే చెక్క ఆరినట్టు. మూడు గీతల దిమ్మను ముట్టనిచ్చేవాడు కాదు. ఎంత తొందర పని అయినా సరే.

నిరుడు లాక్‌డౌన్‌కు ముందు తెచ్చిన దిమ్మలు వెనక వరసలో ఉన్నాయి. వాటికి ఒకటే గీత. ఈ ఉగాదికి ఆయన దగ్గుతూ మంచం మీద ఉన్నాడు, ఎవరూ గీయలేదు.

లక్ష్మీరాజానికి తెలిసిన చెక్క విద్య మొత్తం ఆ గీతలు చూడటమే. తమ్ముడి వెనక నిలబడి నేర్చుకున్న ఒకే ఒక ముక్క. రేపు దిమ్మలు దింపించి గీతలు చూస్తాడు, పెద్ద మేస్త్రీలా తల ఊపుతాడు.

నీరజ ట్యూషన్‌కు వెళ్లాక జాజు నీళ్లలో కలిపాను. పచ్చి దిమ్మలు ఎనిమిదింటికీ మూడేసి గీతలు గీశాను. పాత గీతల్లా కనపడాలని బూడిద అద్దాను.

జూన్ 22

చూశాడు. తల ఊపాడు.

"నాలుగున్నయ్. మంచి సరుకు. బరువు గూడ మస్తున్నది," అన్నాడు.

బరువు ఎందుకుందో చెప్పాలనిపించింది. నవ్వు ఆపుకోవడానికి పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లాను.

జూలై 5

పచ్చి చెక్క ఉలికి సొరకాయలా తెగుతుంది. ఆరిన చెక్క అయితే నాలుగు రోజులు పట్టే మెడ రెండు రోజులకే వచ్చేస్తోంది. అట్ట ఫర్మా పెట్టి దాని అంచు వెంట గుండుసూదితో గుచ్చి, రంపంతో మెట్లు కోసి, సన్న ఉలితో సుడి తిప్పుకుంటూ వస్తున్నాను. వేళ్లకు తడి తగులుతోంది. సుడి మధ్య కన్ను దగ్గర చెక్క నారలు అడ్డం తిరుగుతాయి, అక్కడ ఉలి తిప్పి పట్టాలి. పరుశురాం ఉంటే ఈ చెక్కను వాసన చూసి పక్కన పడేసేవాడు.

ఒకటి రాసుకోవాలి. సుడులు పాడు చేయడానికి చెయ్యి రావడం లేదు. ఎంత కోపంగా కూర్చున్నా అవి బాగానే వస్తున్నాయి. పోనీ. చలికాలంలో చెక్క ఆరి మెడ వంగితే చాలు, సుడి బాగుంటే నష్టం లేదు.

నీరజ ఒకటి చేతిలోకి తీసుకుని, "మమ్మీ, యే తో ఏక్‌దమ్ మస్త్ బనా హై," అంది. "పెద్దనాన్న చెప్పిండు, ఇవి అడాజన్ వాలే చిన్న పిల్లలకి అట. కిత్నా క్యూట్ నా?"

కింద పెట్టు, చెమట అంటుతుంది అన్నాను.

జూలై 17

ఎనిమిదీ పట్టుకుపోయాడు. పోయేముందు పాత బనియన్ గుడ్డతో ఒక్కోటి తుడిచాడు. తనే కన్నట్టు.

ఆగస్టు 3

ఏమీ లేదు. వానలు. గాలిలో తేమ ఉన్నంతకాలం చెక్క మర్యాదగానే ఉంటుంది.

ఆగస్టు 19

సేఠ్ మెచ్చుకున్నాడట. "లక్ష్మీరాజం, నువ్వు ఇన్నేండ్లు యాడ దాసుకున్నవ్ ఈ చెయ్యి?" అన్నాడట. గడపలో నిలబడి ఈ మాట నాకే చెప్పాడు! చెబుతూ మురిసిపోయాడు. చెక్కింది నేనని ఆ క్షణంలో నిజంగానే మరిచిపోయాడు.

మురిసిపో. దీపావళి దాకా మురిసిపో.

సెప్టెంబర్ 17

విశ్వకర్మ పూజ. ఉలులన్నీ కడిగి వాళ్లింట్లో పీట మీద పెట్టారు. నేను కడిగి పంపినవే. నేను పదును పెట్టినవే. బాలవ్వ గుమ్మంలోనే ఆపింది.

"జర అవతల కూసో ప్రమీలా. ఏమనుకోకు. ఈ ఒక్క దినం."

మిగతా దినాలన్నీ ఈ చేతులు పనికొస్తాయి. మెట్ల మీద కూర్చున్నాను. లోపల వాడు నా సన్న ఉలికి బొట్టు పెడుతుంటే కనబడింది. తర్వాత బాలవ్వ ఆకులో భక్ష్యాలు తెచ్చి ఇచ్చింది, వేడివేడివి, నెయ్యి బాగా వేసి. పారేద్దామనుకున్నాను. తిన్నాను. బాగున్నాయి. అందుకు కూడా ఒళ్లు మండింది.

నవంబర్ 8

దీపావళి పోయింది. గాలి మారింది. పెదాలు పగులుతున్నాయి, నీరజ మొహానికి వాజలైన్ రాసుకుంటోంది. అడాజన్ ఫ్లాట్లలో ఏసీలు కూడా ఉంటాయి. బాగా ఆరుతుంది.

ఆరు. ఆరు. ఆరు.

నవంబర్ 17

వచ్చాయి.

వాడు మధ్యాహ్నం షిఫ్టు వదిలేసి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. సేఠ్ పిలిపించి, కొట్లో అందరి ముందూ అడిగాడట. ఎనిమిదింట్లో ఆరు మెడలు మెలి తిరిగాయి. తీగ పలక్కి కొట్టుకుంటోంది, బిరడాలు నిలవడం లేదు, శ్రుతి పెట్టిన నిమిషానికే జారిపోతోంది. బడివాళ్లు అన్నీ వాపసు పంపారు.

"నాలుగు గీతలుండె గద ప్రమీలా. నువ్వు గూడ చూసినవ్ గద."

"చూసిన బావా. నాలుగే ఉండె," అన్నాను.

వాడు వెళ్లాక సేమియా పాయసం చేశాను. ఎవరి బర్త్‌డే మమ్మీ అంది నీరజ. తినాలనిపించింది, చేశాను అన్నాను. రెండు గిన్నెలు తిన్నాను. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్లైందో.

నవంబర్ 19

బాలవ్వ వచ్చింది. మెటికలు విరుస్తూ, దేవుడు కాపాడాడు అంది.

"ఎట్ల?" అన్నాను.

"మీ బావ తెలివిగ బయటపడ్డడు. ఆ ఎనిమిది తను చేసినయి గావు, పరుశురాం పోకముందే చేసి పెట్టినయి, నేను పాలిష్ పెట్టి తెచ్చిన, అని చెప్పిండు సేఠ్‌తోని. పచ్చి చెక్క పెట్టి మోసం చేసి పోయిండు మా తమ్ముడు, సచ్చినోని మీద ఏమంటం అన్నడు. సేఠ్ గూడ ఊకున్నడు. పోయినోళ్లకు నొప్పా, నష్టమా. ఉన్నోళ్లం బతకాలె గద."

ఆమె నాకు శుభవార్త చెప్పడానికి వచ్చింది. నేను కూడా సంతోషిస్తాననే అనుకుంది.

నవంబర్ 20

మూడు గీతల దిమ్మను ముట్టనివ్వని మనిషి. పచ్చి చెక్క పెట్టి మోసం చేసి పోయాడట.

అన్నం సహించలేదు.

నవంబర్ 22

సేఠ్ కొట్టుకు వెళ్లాను. ఇన్నేళ్లలో మొదటిసారి. బస్సులో చెప్పాల్సింది హిందీలో లోపల్లోపలే అనుకుంటూ వెళ్లాను. వాడు ముందే అక్కడున్నాడు, సేఠ్‌ను మంచి చేసుకోవడానికి వచ్చాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

మెడలు ఒక మూల గోనెసంచి మీద పడి ఉన్నాయి, డొల్లల నుంచి ఊడదీసి. ఒకదాని వెనక సీతాకోకచిలుక స్టిక్కరు అంటించి ఉంది. ఎవరో పిల్ల అంటించుకుంది. అది చూడకుండా ఉండాల్సింది.

సేఠ్ పెద్దాయన. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. నేను నిలబడే చెప్పాను. ఇవి నా భర్త చేసినవి కావు, ఆయన పోయాక నేను చేశాను, పచ్చి చెక్క అని తెలిసే చేశాను. అంతకుముందు సుడులన్నీ నేనే చెక్కాను. ఒక్క గుక్కలో చెప్పేశాను.

సేఠ్ ఏమీ అనకముందే లక్ష్మీరాజం అందుకున్నాడు. "మతి సక్కగ లేదు సేఠ్. మొగుడు పోయినకాంచి గిట్లనే మాట్లాడ్తది."

నేను వాడి వైపు చూడలేదు. సేఠ్ వైపే చూశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బెహన్," అన్నాడు. "మొగుడి పేరు చెడొద్దని నీ నెత్తిన వేసుకుంటున్నావు. నాకు అర్థమవుతుంది. నీలాంటి భార్య ఉండటం పరుశురాం అదృష్టం. కానీ ఇది ఆడమనిషి చేసే ఉలిపని కాదు. ఇంటికి వెళ్లు. నేను ఇక ఆ సంగతి ఎత్తను."

అంతే. దండం కూడా పెట్టాడు.

నవంబర్ 23

తిట్టినా బాగుండేది. పోలీసులను పిలిచినా బాగుండేది. ఆయన నా మీద జాలిపడ్డాడు, నన్ను మెచ్చుకున్నాడు, నమ్మలేదు. పరుశురాం మోసగాడు, నేను పతివ్రతను. బజారంతా ఇదే చెప్పుకుంటుంది.

ఇది చేసింది లక్ష్మీరాజం. ముమ్మాటికీ వాడే. గీతలు గీసింది నేనే అయినా.

నవంబర్ 25

వాళ్లింటికి వెళ్లాను. బాలవ్వ నీళ్లకు వెళ్లింది. వాడు ఒక్కడే ఉన్నాడు.

"గీతలు నేనే గీసిన బావా. కావాల్నని గీసిన."

వాడు లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను.

"ఎందుకు?"

"ఏప్రిల్‌ల పొద్దుగాల మీకు ఫోన్ వచ్చింది. నాకు సాయంత్రం చెప్పిన్రు."

వాడు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "వాని మొకం నేను గూడ సూడలె ప్రమీలా. సంచిల కట్టి ఇచ్చిన్రు. ఆడ లైన్ల పెట్టిన్రు, ఒకళ్ల ఎనక ఒకళ్లను. మా వోడు ఏ సంచో గూడ... చీటీ చూసి నమ్మిన. నువ్వు గది సూడొద్దనే."

నిజమే చెప్పాడో, అప్పటికప్పుడు అల్లాడో నాకు తెలియదు. ఏడ్చాడు. ఏడిస్తే ఏం? ఆ సంచీని అయినా చూసే హక్కు నాది.

"నేను ఒక మెడ చెక్కి ఇస్త," అన్నాను. "ఆరిన చెక్కతోని. అది పరుశురాం చేసిందని సేఠ్‌కు చెప్పాలె. ఆ ఎనిమిది మీరు చేసినయని, తమ్ముని తప్పు లేదని, మీ నోటితోనే చెప్పాలె. నేను పక్కన నిలబడి వింట."

కళ్లు తుడుచుకున్నాడు. వాడి బుర్ర ఎటు పోతోందో నాకు కనబడుతూనే ఉంది.

"పరుశురాంవి ఇంకా కొన్ని దొరికినయని చెప్పొచ్చు," అన్నాడు మెల్లగా. "నువ్వు చెక్కుతనే ఉండొచ్చు. ఆయన పేరు మీద పని మళ్ల నడుస్తది."

"ముందు ఈ మాట చెప్పండ్రి," అన్నాను.

డిసెంబర్ 4

అటక మీది పాత దిమ్మ. నాలుగు గీతలూ ఆయన గీసినవే. కొస కోసేటప్పుడు ఆ గీతలు తెగి కింద పడ్డాయి. ఊడ్చి పారేయలేక డబ్బాలో వేశాను.

గట్టిగా ఉంది. ఉలి ఊరికే లొంగడం లేదు. రోజుకు ఒక చుట్టు కూడా తిరగడం లేదు.

డిసెంబర్ 9

ఎడమ వైపు కన్ను కుదరలేదు. మళ్లీ దించాను. ఇంకా దించితే పలచబడుతుంది. రెండు వైపులా ఒకేలా రావాలి.

నా పేరు మీద ఇలాంటిది ఒక్కటైనా సేఠ్ ముందు పెట్టాలని ఆరేళ్లు అనుకున్నాను. పెట్టబోతున్నది ఇది. ఆయన పేరుతో.

డిసెంబర్ 14

వెళ్లి వచ్చాం. ఇద్దరం.

లక్ష్మీరాజం చెప్పాడు. మాస్కు తీసి, చేతులు కట్టుకుని, నేను చెప్పమన్నది మాట పొల్లుపోకుండా చెప్పాడు. "ఆ ఎనిమిది నేను చేసినయి సేఠ్. నాకు పని రాదు. పచ్చిదో ఎండిందో తెల్వక చేసిన. సచ్చిన తమ్ముని మీద పెట్టిన. వాడు చేసింది గిది." వాడి చెవులు ఎర్రబడ్డాయి. కొట్లో పనివాళ్లు చెయ్యాపి విన్నారు. ఆర్నెల్లుగా ఈ ఒక్క క్షణం కోసమే బతికాను. అది వచ్చి, ఒక టీ చల్లారేలోపు అయిపోయింది.

సేఠ్ గుడ్డ విప్పాడు. మెడను వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి నిటారు చూశాడు. సుడిలోకి బొటనవేలు పెట్టి లోపలి నుంచి బయటికి తిప్పాడు. ఒక వైపు. మళ్లీ రెండో వైపు.

"యే హై పరుశురాం కా హాథ్," అన్నాడు. ఇదీ పరుశురాం చేతిపని అని.

పక్క కొట్టాయన్ని కేకేసి పిలిచి చూపించాడు. ఆ మనిషిని నేను తప్పుగా అనుకున్నానయ్యా, చూడు, దీన్ని చేసినవాడు పచ్చి చెక్క ముడతాడా అన్నాడు. ఆయన కూడా వేలు పెట్టి చూశాడు. దీన్ని ఎవరికీ ఇవ్వను, పరుశురాం గుర్తుగా కొట్లోనే పెట్టుకుంటాను అన్నాడు సేఠ్. తర్వాత లక్ష్మీరాజాన్ని అడిగాడు, ఇలాంటివి ఇంకా ఉన్నాయా, ఉంటే అన్నీ తీసుకుంటాను అని.

లక్ష్మీరాజం నా వైపు తిరిగాడు. వాడి మొహం ఒక్కసారిగా తేటపడింది. ఈ మాట కోసమే ఇంత సిగ్గూ మింగాడు.

"లేవు సేఠ్," అన్నాను. "ఆయన చేసిన వాటిలో ఇదే ఆఖరిది."

బస్సులో వాడు దూరంగా, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. డిండోలీ దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరూ పోలేదన్నాను. నా పనిని ఒకరు అంతగా మెచ్చుకోవడం నేను నా చెవులతో వినడం ఇదే మొదటిసారి.